లూ వాసర్‌మన్ జీవితం: నటుడి తరఫున మాట్లాడినవాడే నిర్మాత కుర్చీలో కూర్చుంటే

ఎర్రఅట్ట పుస్తకం (కావలి):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1970లలో కావలి, కందుకూరు, ఉదయగిరి ప్రాంతాల తిరునాళ్ళకు పద్యనాటకాలు కుదిర్చే ఒక కాంట్రాక్టరు వద్ద లెక్కలు రాసేవారు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం ఒకటి దొరికింది. ప్రతి పేజీకీ అయిదు గడులు గీసి ఉన్నాయి: ఊరు, తేదీ, నాటకం, పాత్రధారి, ఇచ్చినది. ఉత్సవ కమిటీ నుంచి కాంట్రాక్టరుకు వచ్చిన మొత్తం రాసే గడి మాత్రం ఎక్కడా లేదు. ఆ లేని గడి నన్ను చాలా రోజులు వదలలేదు. కళాకారుడికీ డబ్బిచ్చేవాడికీ నడుమ నిలబడే మనిషి అసలు ఎవరి మనిషి అన్న ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే, అమెరికా సినిమా రంగంలో అర్ధ శతాబ్దం పాటు ఎదురు లేకుండా బతికిన ఏజెంటు లూ వాసర్‌మన్ దగ్గరికి వచ్చి ఆగాను.

ఆయన 1913 మార్చిలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో, రష్యా నుంచి వలస వచ్చిన యూదు దంపతులకు పుట్టారు. బడిలో చదువుకునే రోజుల్లోనే సినిమా హాలులో టార్చి పట్టుకుని ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేశారు. కళాశాల గడప తొక్కలేదు. 1936లో మ్యూజిక్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, పొడి అక్షరాల్లో ఎం.సి.ఎ., అనే సంస్థలో ప్రచార విభాగంలో చేరారు. దానిని 1924లో షికాగోలో స్థాపించిన జూల్స్ స్టైన్ కంటి వైద్యుడు. నాట్యశాలలకు వాద్యబృందాలను కుదర్చడంతో ఆ వ్యాపారం మొదలైంది. చేరిన పదేళ్ళకు, 1946లో, 33 ఏళ్ళ వయసులో వాసర్‌మన్ ఆ సంస్థకు అధ్యక్షుడయ్యారు. నటులు బెట్టీ డేవిస్, జేమ్స్ స్టూవర్ట్, దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, తరువాత అమెరికా అధ్యక్షుడైన నటుడు రోనాల్డ్ రీగన్ వంటివారి వ్యవహారాలు ఆయన చేతి మీదుగా నడిచాయి.

ఈయనను కళాకారులకు మేలు చేసినవాడిగా చూడాలా, కళాకారులను ఆసరా చేసుకుని ఎదిగినవాడిగా చూడాలా అన్నది నాకు తేలడం లేదు. తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

మాస్టారు (ఒంగోలు):

నేను ముప్పై ఏళ్ళు వాణిజ్యశాస్త్రం బోధించినవాడిని కనుక ముందు లెక్క సంగతి చెబుతాను. ఆ రోజుల్లో హాలీవుడ్ నటులు స్టూడియోలకు జీతగాళ్ళు. ఏడేళ్ళ ఒప్పందం, వారానికింత జీతం, చెప్పిన వేషం కట్టాలి, కాదంటే జీతం లేకుండా పక్కన పెట్టేవారు. మద్రాసు స్టూడియోలలో మన నటులు నెలజీతానికి పనిచేసిన కాలం గుర్తున్న పెద్దలకు ఇది కొత్తగా అనిపించదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ కట్టు సడలింది. నిర్మించే స్టూడియోలు సినిమా హాళ్ళను కూడా తమ చేతిలో ఉంచుకోవడం కుదరదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో వాటి ఆదాయానికి గండి పడింది.

1950లో వచ్చిన ‘వించెస్టర్ 73’ అనే సినిమాకు జేమ్స్ స్టూవర్ట్‌ను అడిగినప్పుడు, ఆయన స్థాయికి తగిన 2 లక్షల డాలర్లు ఇచ్చే శక్తి యూనివర్సల్ స్టూడియోకు లేకపోయింది. వాసర్‌మన్ అప్పుడు రొక్కం వద్దని, లాభంలో సగం ఇమ్మని అడిగారు. స్టూడియోకు చేతి నుంచి ముందుగా పెట్టే పని తప్పింది కాబట్టి ఒప్పుకుంది. చిత్రం బాగా ఆడి, స్టూవర్ట్‌కు దాదాపు 6 లక్షల డాలర్లు వచ్చాయని చెబుతారు. ఇందులో పన్ను మెలిక కూడా ఉంది. ఆ తరువాతి ఏళ్ళలో అక్కడ అత్యధిక ఆదాయపు పన్ను రేటు 90 శాతం దాటింది. ఒకే ఏడాది జీతంగా చేతికొస్తే మిగిలేది శూన్యం, అదే వాటాగా నాలుగైదేళ్ళ మీద వస్తే నిలిచేది ఎక్కువ. స్టూడియో దగ్గర ఏమి లేదో, నటుడికి ఏది భారమో రెండూ ఒకే చూపులో పట్టుకున్న మనిషి ఆయన. నేను ఈ ఉదాహరణను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆ తెలివికి ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

పొదిలి పాఠకుడు:

మాస్టారూ, ఒక చిన్న సవరణకు అనుమతించండి. లాభంలో వాటా పుచ్చుకున్న మొదటి నటుడు స్టూవర్ట్ అని చాలామంది రాస్తారు గాని, 1930లలోనే హాస్యనటులైన మార్క్స్ సోదరుల వంటి కొందరికి అటువంటి ఏర్పాటు ఉండేది. స్టూవర్ట్ ఒప్పందం ప్రత్యేకత ఏమిటంటే, అది అందరి కళ్ళలో పడింది, ఆ తరువాత పెద్ద నటులందరూ అదే అడగడం మొదలుపెట్టారు.

మాస్టారు (ఒంగోలు):

మీరు చెప్పినది నిజమే, నేను మొదటిదని అనలేదు గాని, అనుకునేటట్లు రాశాను. మరొక మాట. వాటా అడగడానికి ఏజెంటే కావాలని లేదు. మన ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు, భర్త రామకృష్ణ గారితో కలిసి 1940ల చివరిలోనే భరణి సంస్థను పెట్టి సొంతంగా చిత్రాలు తీశారు. ఒకరిని వాటా అడిగే అవసరమే లేకుండా చేసుకున్నారు. అయితే ఆ ధైర్యమూ ఆ వ్యవహారజ్ఞానమూ వెయ్యిమందిలో ఒకరికి ఉంటాయి. మిగిలినవారికి నడుమ మనిషి తప్పడు.

హార్మోనియం మెట్లు (కందుకూరు):

నమస్కారం. నేను పద్నాలుగేళ్ళ వయసు నుంచి నాటకాలకు హార్మోనియం వాయించాను. కందుకూరు 2022 జిల్లాల విభజనలో మళ్ళీ నెల్లూరుతో చేరింది గాని, నేను వాయించే రోజుల్లో మాకు జిల్లా హద్దులు తెలియవు. మాలకొండ, సింగరాయకొండ, జొన్నవాడ, పెంచలకోన, ఎక్కడ తిరునాళ్ళయితే అక్కడికి పెట్టె మోసుకుపోవడమే. కావలి మిత్రుడు ప్రస్తావించిన కాంట్రాక్టరు పద్ధతి గురించి నాకు తెలిసినంత చెబుతాను.

నాటక సమాజాలు తగ్గిపోయిన తరువాత వచ్చినవి కాంట్రాక్టు నాటకాలు. అంతకు ముందు ఒక ఊళ్ళో పదిమంది కూడి, గురువు దగ్గర నెలల తరబడి నేర్చుకుని ఆడేవారు. ఒంగోలులో హనుమంతరావు నాయుడు గారి శిక్షణలో టంగుటూరి ప్రకాశం పంతులు గారు చిన్నతనంలో ఆడవేషాలు కట్టినది అటువంటి సమాజ నాటకాలలోనే. కాంట్రాక్టు నాటకం వేరు. కాంట్రాక్టరు కమిటీతో మొత్తం గుత్తగా మాట్లాడుకుంటాడు. గుడివాడ నుంచి ఒకరిని, తెనాలి నుంచి ఒకరిని, ఒంగోలు నుంచి మరొకరిని పిలుస్తాడు. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకునేది రంగు పూసుకునే చోటనే. రిహార్సలు అన్న మాట లేదు. కృష్ణరాయబారంలో పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకొక కృష్ణుడు వచ్చేవారు. జనం ఏ కృష్ణుడి రాగం పొడవో పోల్చుకుని ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. పీసపాటి నరసింహమూర్తి గారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు, ఏ.వి. సుబ్బారావు గారు, ఈలపాట రఘురామయ్య గారు వంటి వారి పేరు కరపత్రం మీద పడితే చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ బండ్లు కదిలేవి.

ఆ పేర్లు కాంట్రాక్టరు గుప్పెట్లో ఉండేవి. ఫలానా కృష్ణుడు కావాలంటే మేము చెప్పిన అర్జునుడిని, మేము చెప్పిన, తెరలూ అలంకరణలూ తెచ్చే సీన్ల కంపెనీని కూడా తీసుకోవాలనేవారు. నా వంటి హార్మోనిస్టుకు బయానా ఇరవై రూపాయలు చేతిలో పెట్టేవారు, తెల్లవారి భరతవాక్యం అయిన తరువాత మిగిలినది. ఒకసారి తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఇంకా యుద్ధం సీను జరుగుతుండగానే, ఒక కాంట్రాక్టరు లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. దుర్యోధనుడు కిరీటం చేతిలో పట్టుకుని, ముఖం మీద అర్దళం కారుతూ ఉండగా, ఉత్సవ కమిటీ పెద్దల దగ్గర నిలబడి మా అందరి డబ్బు సంగతి అడిగారు. కమిటీవారు మొత్తం నిన్ననే ఇచ్చేశామని చీటీ చూపించారు. ఆ చీటీలోని అంకె చూసిన తరువాతనే మా విలువ ఎంతో మాకు తెలిసింది. డబ్బు పోయినందుకు కన్నా ఆ అంకె అన్నాళ్ళూ తెలియనందుకు నేను ఎక్కువ బాధపడ్డాను.

పినాకిని (నెల్లూరు, న్యాయవాది):

పెద్దలు కందుకూరు వారు చెప్పినది చదివి కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. వారు చెప్పిన ‘ఈ కృష్ణుడు కావాలంటే ఆ అర్జునుడిని తీసుకోవాలి’ అనే పద్ధతి ఎం.సి.ఎ. చరిత్రలో అచ్చంగా ఉంది. పేరున్న బృందం కావాలంటే ఏడాది పొడవునా తమ బృందాలనే పెట్టుకోవాలని నాట్యశాలల యజమానులను ఒత్తిడి చేసేవారు. శాన్ డియేగోలో ఒక నాట్యశాల యజమాని దావా వేసి 1946లో గెలిచాడు. ఆ సందర్భంలోనే ఎం.సి.ఎ.కు ఆక్టోపస్ అన్న పేరు అంటుకుని, చివరి వరకు పోలేదు.

అసలు విషయం 1952లో జరిగింది. అప్పటికి టెలివిజన్ వచ్చింది. ఎం.సి.ఎ. తన రెవ్యూ ప్రొడక్షన్స్ ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు స్వయంగా నిర్మించాలనుకుంది. అయితే నటుల సంఘం నిబంధన ప్రకారం నటుడి ఏజెంటు నిర్మాతగా ఉండకూడదు. ఏజెంటు పని నటుడికి ఎక్కువ ఇప్పించడం, నిర్మాత పని తక్కువకు తెచ్చుకోవడం. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేస్తే బేరం ఎవరితో ఎవరు ఆడుతున్నట్లు? ఆ నిబంధన నుంచి ఎం.సి.ఎ.కు ప్రత్యేక మినహాయింపు దొరికింది. ఆనాడు సంఘం అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, ఆయన ఎం.సి.ఎ. కక్షిదారు కూడా, అంటే ఆయనకు ఏజెంటు ఎం.సి.ఎ.నే. 1954 నుంచి రెవ్యూ నిర్మించిన, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పేరిట వచ్చిన టెలివిజన్ కార్యక్రమానికి రీగన్ వ్యాఖ్యాత. 1962 ఫిబ్రవరిలో, అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందమైన ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ఆయనను ఈ మినహాయింపు గురించి ప్రశ్నించింది. ఆయన మీద ఏ అభియోగమూ నమోదు కాలేదు, ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

అదే ఏడాది ఎం.సి.ఎ. డెక్కా రికార్డ్స్‌ను, దానితోపాటు యూనివర్సల్ స్టూడియోను కొన్నది. న్యాయశాఖ గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది. ఏజెన్సీయా, నిర్మాణమా తేల్చుకోవలసి వచ్చినప్పుడు వాసర్‌మన్ నిర్మాణాన్నే ఉంచుకున్నారు. తనను అంతటివాడిని చేసిన ఏజెన్సీని మూసివేశారు. కావలి మిత్రుడి ప్రశ్నకు జవాబు ఆ ఎంపికలోనే ఉందని నా అభిప్రాయం. ఆయన ఎవరి మనిషో చివరికి ఆయనే చెప్పారు.

పొదిలి పాఠకుడు:

పినాకిని గారితో ఇక్కడ విభేదిస్తున్నాను. ఆయన వలన కళాకారులు నష్టపోయారని చెప్పాలంటే నష్టపోయిన పెద్ద నటుడిని ఒకరిని చూపించాలి. హిచ్‌కాక్ సంగతి చూడండి. 1955 నుంచి టెలివిజన్‌లో ఆయన పేరిట వచ్చిన కార్యక్రమాన్ని వాసర్‌మనే ప్రోత్సహించారు. ‘సైకో’ సినిమా తీయడానికి పారమౌంట్ స్టూడియో వెనుకాడితే, హిచ్‌కాక్ తన పారితోషికం వదులుకుని ఆ చిత్రం మీద 60 శాతం హక్కు తీసుకునే ఒప్పందం కుదిరింది. టెలివిజన్ సిబ్బందితో 8 లక్షల డాలర్ల చిల్లరలో ఆ చిత్రం పూర్తయి, 1960లో విడుదలై హిచ్‌కాక్‌ను కోటీశ్వరుడిని చేసింది. తరువాత ఆయన ఆ హక్కులను ఇచ్చి ఎం.సి.ఎ. వాటాలు తీసుకుని ఆ సంస్థలో పెద్ద వాటాదారులలో ఒకరయ్యారు. ఏజెంటు కంపెనీలో కక్షిదారే భాగస్వామి అయిన ఉదాహరణ ఇది.

స్టూడియో అధిపతిగానూ ఆయన దూరదృష్టి గొప్పది. 1975లో ‘జాస్’ చిత్రాన్ని టెలివిజన్ ప్రకటనలతో హోరెత్తించి ఒకేసారి 400కు పైగా హాళ్ళలో విడుదల చేసింది ఆయన హయాంలోనే. ఇంకా ఎక్కువ హాళ్ళకు ఏర్పాట్లు జరుగుతుంటే, జనం హాలు బయట బారులు తీరి కనబడాలని ఆయనే తగ్గించారంటారు. ఊళ్ళో ఇంటింటికీ దీపం పెట్టడం కన్నా గుడి ముందు జనం కనబడటమే తిరునాళ్ళకు అందమని మనవారికి తెలియనిది కాదు.

పినాకిని (నెల్లూరు, న్యాయవాది):

హిచ్‌కాక్‌కు, స్టూవర్ట్‌కు మేలు జరిగిందన్నది కాదనను. వారు లేకపోతే వ్యాపారం లేదు కాబట్టి వారికి లెక్క చూపించారు. మూడో వరుసలో నిలబడే నటుడికి, సంభాషణ రాసే రచయితకు, కందుకూరు పెద్దాయన వంటి వాద్యకారుడికి ఆ లెక్క ఎవరు చూపించారు? ఈ వివాదం అక్కడ దశాబ్దాల పాటు చల్లారలేదు. నటులనూ రచయితలనూ దర్శకుడినీ ఒక మూటగా కట్టి స్టూడియోకు అమ్మి, ఆ మూట మీద స్టూడియో నుంచే రుసుము తీసుకునే పద్ధతిని కాదని, 2019 ఏప్రిల్‌లో ఏడు వేలమందికి పైగా రచయితలు తమ ఏజెంట్లను వదులుకున్నారు. 2021 ఫిబ్రవరి నాటికి పెద్ద ఏజెన్సీలన్నీ ఆ రుసుము మానుకోవడానికి సంతకాలు చేశాయి. పది శాతం కమిషన్ అయితే నటుడికి పెరిగితేనే ఏజెంటుకు పెరుగుతుంది. మూట రుసుము అయితే రచయితకు తగ్గినా ఏజెంటుకు తగ్గదు. తేడా అంతా అక్కడ ఉంది.

తిరునాళ్ళ వేదిక (సింగరాయకొండ):

అందరికీ నమస్కారం. నేను మూడేళ్ళుగా పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు పాటకచేరీలు, కోలాటం బృందాలు కుదురుస్తున్నాను. ఈ చర్చ చదువుతుంటే నా గురించే మాట్లాడుకుంటున్నట్లు అనిపించి ఇబ్బంది పడ్డాను. పెళ్ళివారితో మొత్తం నేనే మాట్లాడతాను. సౌండ్, లైట్లు, టెంపో, భోజనాలు పోను గాయకులకు ఇంత అని ఇస్తాను. ఒక్కోసారి చివరి నిమిషంలో కార్యక్రమం ఆగిపోతే బయానాలు నా చేతి నుంచే పోయాయి. నష్టం నాది అయినప్పుడు లెక్క వాళ్ళకు చూపించవలసిన అవసరం ఉందా? నేను మోసం చేస్తున్నానా? దయచేసి సూటిగా చెప్పండి.

పినాకిని (నెల్లూరు, న్యాయవాది):

అమ్మా, మీరు మోసం చేస్తున్నారని ఎవరూ అనలేదు, అనరు కూడా. చట్టం మాట చెబుతాను. గుత్తకు తీసుకుని నష్టం కూడా భరించేవారు ఏజెంటు కారు, స్వతంత్ర వ్యాపారి. గాయకుడితో ఇంత ఇస్తానని ఒప్పుకుని అంతా ఇస్తే మీ బాధ్యత తీరింది. కానీ ‘నీ తరఫున నేను మాట్లాడి పెడతాను, నాకు ఇంత కమిషన్’ అని గాయకుడితో అన్న క్షణం నుంచి మీరు ఏజెంటు. అప్పుడు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం అడిగినప్పుడు లెక్క చూపాలి. ఆయనకు తెలియకుండా ఆ వ్యవహారంలో మీ సొంతానికి లాభం చేసుకుంటే 216వ సెక్షన్ ప్రకారం ఆ లాభం ఆయన అడిగి తీసుకోవచ్చు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మన ప్రాంతంలో చాలామంది గాయకుడితో ఏజెంటులాగా మాట్లాడి, పెళ్ళివారితో గుత్తదారులాగా వ్యవహరిస్తారు. మీరు ఏది అన్నది బయానా ఇచ్చే రోజునే ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి.

హార్మోనియం మెట్లు (కందుకూరు):

తల్లీ, చట్టం సంగతి వకీలు గారు చెప్పారు. నేను వాయించినవాడిగా ఒక్క మాట చెబుతాను. మాకు కావలసినది మీ లాభం కాదు. పెళ్ళివారు మా పాటకు ఎంత వెల కట్టారో తెలిస్తే, రేపు ఇంకొక చోట మేము ఎంత అడగాలో తెలుస్తుంది. టెంపోకు ఇంత, భోజనాలకు ఇంత, నాకు ఇంత అని చెప్పిన కాంట్రాక్టరు ఒకాయన నాకు తగిలారు. ఆయన మిగిలినవారి కన్నా తక్కువే ఇచ్చేవారు. అయినా ఆయన కబురు వస్తే వేరే బయానా వెనక్కి ఇచ్చి వెళ్ళేవాళ్ళం.

కావలి బాబూ, మీ నాన్నగారి పుస్తకాన్ని తిరగేసి వెనుక వైపు నుంచి చూశారా? ఆ రోజుల్లో లెక్కలు రాసేవారు బయటివారికి కనబడకూడని పద్దులను చివరి పేజీ నుంచి రాసుకునే అలవాటు ఉండేది.

మాస్టారు (ఒంగోలు):

మంచి సంగతి గుర్తుచేశారు. వాసర్‌మన్‌ది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు ఉద్యోగుల బల్లల మీద ఒక్క కాగితం కూడా ఉండకూడదన్నది ఆయన శాసనం. నల్ల సూటు, తెల్ల చొక్కా, ఖాళీ బల్ల, ఇవి ఎం.సి.ఎ. మనుషుల గుర్తులు. తన మాటలను కాగితం మీద పెట్టడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు, ఆత్మకథ కూడా రాయలేదు. 1990లో జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థకు ఎం.సి.ఎ.ను 600 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మారు. 1995లో అది కెనడాకు చెందిన సీగ్రామ్ సంస్థ చేతికి పోయింది, అదే ఏడాది అధ్యక్షుడు క్లింటన్ ఆయనకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు. 2002 జూన్ 3న ఆయన కన్నుమూశారు. అన్ని వేల ఒప్పందాలు తలలో పెట్టుకుని వెళ్ళిపోయిన మనిషి.

ఎర్రఅట్ట పుస్తకం (కావలి):

కందుకూరు పెద్దాయనకు పాదాభివందనం. నిన్న రాత్రి పుస్తకాన్ని తలకిందులు చేసి వెనుక అట్ట తెరిచాను. ఏడు పేజీలు ఉన్నాయి, అన్నీ పెన్సిలుతో, నాన్నగారి చేతిరాతే గాని ముందు పేజీలలో కన్నా చాలా సన్నని అక్షరాలు. ఊరి పేరుకు మొదటి అక్షరం, తేదీ, ఒక అంకె, అంతే. జొన్నవాడ అనుకుంటాను, ‘జొ’ అని ఉన్న చోట 2,400 అని రాసి ఉంది. ముందు వైపు అదే తేదీకి పాత్రధారులకూ వాద్యాలకూ ఇచ్చినది కూడితే 1,310 వచ్చింది. సీన్లకూ లారీకీ ఎంత పోయిందో రాయలేదు కాబట్టి మిగిలినది అంతా కాంట్రాక్టరు తిన్నాడని నేను అనలేను. ఆ లెక్క ఎవరూ అడగకపోయినా, ఎవరికీ చూపించలేకపోయినా, నాన్నగారు దానిని ఎందుకు రాసి ఉంచారో ఇప్పుడు ఆయనను అడిగే వీలు లేదు.

ఆ తేదీన పాత్రధారుల గడిలో ‘హా. కం.’ అని ఒక పొడి పేరు, దానికి ఎదురుగా 45 రూపాయలు ఉన్నాయి. హార్మోనియం, కందుకూరు అని నేను చదువుకున్నాను. పెద్దాయనా, 1974లో జొన్నవాడ బ్రహ్మోత్సవాలకు మీరు వాయించారా? ఈ ఆదివారం పుస్తకం పట్టుకుని మీ ఇంటికి రావచ్చునా?

హార్మోనియం మెట్లు (కందుకూరు):

వాయించాను. రండి బాబూ, మధ్యాహ్నం భోజనం ఇక్కడే.